మేనత్తని అడిగినట్టు చెప్పండి

మైకుని ఊదేవాళ్ళు కొందరు, గోకేవాళ్ళు కొందరు, వేలితో మొట్టేవాళ్ళు కొందరు. పొద్దున్నించి వేదికెక్కిన పదకొండుమందిలో దాన్ని ఏమీ చెయ్యకుండా నోరు విప్పినవాడు ఒక్కడు లేడు. హాలు చివర మూడు మెట్ల ఎత్తున కట్టిన చెక్క గూట్లో కూర్చుని, మైకాయన ప్రతిసారీ మిక్సర్ మీద మీట కిందికి లాగడం, ఆ ఊదుడేదో అయ్యాక మెల్లిగా పైకి తొయ్యడం. ఇరవై ఆరేళ్ళుగా ఈ యూనివర్సిటీ హాల్లో ఇదే పని. దేశంలో చదువుకున్నవాళ్ళు ఎంతమందో అతనికి తెలీదుగానీ, వాళ్ళ ఊపిరి మటుకు చాలా విన్నాడు.

ఈసారి మూడు రోజుల సదస్సు. "మన ప్రాంత చరిత్ర, సముద్రం దాటిన మనవాళ్ళు" అని వేదిక వెనకాల ఇంత పొడుగు గుడ్డ కట్టారు. నూరేళ్ళ కిందట ఓడలెక్కి ఏదో ద్వీపంలో చెరకుతోటల్లో పనికి పోయినవాళ్ళ మీద పరిశోధన. ఆ పోయినవాళ్ళ మునిమనవలు అరవైమంది దాకా నీలం బ్యాడ్జీలు పెట్టుకుని వెనక వరసల్లో కూర్చున్నారు. ముందు వరసలు పండితులవి. వాళ్ళ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి వాళ్ళు వెనక కూర్చున్నా ఫరవాలేదనుకున్నారు కాబోలు.

ఆ నీలం బ్యాడ్జీల్లో ఒకావిడ పొద్దున్నే గూటి దగ్గరకొచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టి. మూడో రోజు సభలో ఏదో చదవాలట, చూసుకోవడానికొచ్చింది.

"ఒరే నాయనా, నువ్వు ఆ కొయ్యని కాస్త దించు. నా నోరు ఇక్కడుంది, దాని నోరు అక్కడుంది."

ఆ మైకు స్టాండు దిగదని, దిగే స్టాండు కొనమని ఆరేళ్ళుగా కాగితం పెడుతున్నానని చెప్పబోయి మానేశాడు. ఒక చెక్కపెట్టె తెచ్చి వేదిక మీద వేశాడు. ఆవిడ దాని మీద ఎక్కి నిలబడి, "ఇప్పుడు నేను నీకంటే పొడుగు," అని నవ్వింది.

ఆవిడ అందరినీ నువ్వనే అంటుంది. ఓడెక్కేటప్పుడు "మీరు"ని రేవులోనే దించేసి పోయినట్టున్నారు వాళ్ళ పెద్దలు. నిన్న ఊళ్ళో దిగగానే వైస్ ఛాన్సలర్ని పట్టుకుని "నువ్వు తిన్నావా లేదా?" అనడిగిందట. అప్పటికప్పుడు క్యాంటీన్‌లో ఆవిడకి "నువ్వావిడ" అని పేరు పడిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సదస్సు నడిపే ప్రొఫెసరే పత్రం చదవడానికి లేచాడు. మైకుని రెండుసార్లు ఊదాడు. పత్రమంతా, ఉత్తరాలతో సహా, ఇంగ్లీషులోనే; ఇరవై ఆరేళ్ళు విని విని మైకాయనకి అర్థమవుతుంది. మైకాయన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"తోటల నుంచి ఇళ్ళకి వచ్చిన ఉత్తరాలు మొత్తం నలభై మూడు సేకరించాం. వాటిలో ఒకటి వినండి. 'ఇక్కడ మేము సుఖంగా ఉన్నాము. మూడు పూటలా కడుపునిండా తింటున్నాము. పని తేలిక. జ్వరమొస్తే మందిప్పిస్తున్నారు. మేస్త్రీ గారు కన్నతండ్రి కంటే ఎక్కువగా చూస్తున్నారు. వచ్చే ఓడకి తమ్ముణ్ణి కూడా పంపండి. మేనత్తని అడిగినట్టు చెప్పండి.'"

మైకాయన వీపు నిటారైంది. అది తాత ఉత్తరం. రెండేళ్ళ కిందట ప్రొఫెసరు శిష్యులు ఇంటికొచ్చి, నకలు తీసుకుని వారంలో ఇచ్చేస్తామని పట్టుకుపోయిన తొమ్మిదింటిలో ఒకటి. వారం ఇంకా అవలేదు.

"ఈ చివరి వాక్యం గమనించారా?" ప్రొఫెసరు గొంతు పెంచాడు. "నలభై మూడింటిలో ఇరవై తొమ్మిది ఉత్తరాలు ఈ వాక్యంతోనే ముగుస్తాయి! రాసినవాళ్ళు వేరు, ఇళ్ళు వేరు. అయినా ఎవరూ తల్లిని అడగలేదు. తండ్రిని అడగలేదు. మేనత్తని అడిగారు. అంటే ఏమిటి? మేనత్తే కుటుంబానికి పెద్దదిక్కు అయిన ఒకానొక ప్రాచీన స్త్రీస్వామ్య వ్యవస్థ తాలూకు జ్ఞాపకం..."

చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య హాలు నాలుగు మూలల నుంచీ ఒక్కసారిగా కీచుమని కూత. అందరూ చెవులు మూసుకున్నారు. ముందు వరసలో ఒక పండితుడు వెనక్కి తిరిగి, గూటి వైపు చూసి, పక్కాయనతో ఏదో అన్నాడు. మైకాయన చూసుకుంటే మీట మీద తన చెయ్యే పై అంచు దాకా పోయి ఉంది. ఇరవై ఆరేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు.

*

"తిన్నావా?" అంది పెళ్ళాం, కుట్టుమెషీను మీంచి తలెత్తకుండా.

"ఆఁ. కూర్చోబెట్టి పెట్టారు."

"మేనత్త బాగుందా?"

ఆ ఇంట్లో అబద్ధం దొరికిపోయినప్పుడల్లా అదే మాట. అతని నానమ్మ నోటి నుంచి అతని తల్లికి, తల్లి నోటి నుంచి ఈవిడకి వచ్చింది. ఎప్పుడూ నవ్వేవాడు, ఇవాళ నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని ప్రొఫెసరు చెప్పినదంతా చెప్పాడు. ఆవిడ కుట్టడం ఆపింది. "స్త్రీస్వామ్యమా?" అని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకే."

"మరేం చెయ్యమంటావయ్యా! చచ్చిపోయిన ముసలమ్మని పట్టుకుని రాజ్యం ఏలించాడు మీ ప్రొఫెసరు!"

మేనత్త ఎవరి మేనత్తా కాదు. ఆ పేటలో ఒంటరిగా బతికిన ముసలమ్మ. పిల్లా పెద్దా అంతా మేనత్తా అని పిలిచేవాళ్ళు. ఓడ బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు పోయింది. పోయేవాళ్ళంతా కలిసి మోసుకెళ్ళి పూడ్చి వచ్చారు. తోటలో ఉత్తరం రాసేది, కూలీల్ని పోగేసి ఓడెక్కించే మేస్త్రీ దగ్గరి గుమస్తా అని, వీళ్ళకి అక్షరం రాదు కాబట్టి మేస్త్రీకి నచ్చిందే రాస్తాడని అప్పటికే తిరిగొచ్చినవాడొకడు చెప్పాడు. పూడ్చిపెట్టిన చోటే నిలబడి అనుకున్నారట: మేనత్తని అడిగామంటే పైన రాసిందంతా అబద్ధం, తిరగేసి చదువుకోండి. గుమస్తాకేం తెలుసు, ఎవడి మేనత్త బతికుందో లేదో. నానమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్న చేతులు రెండూ తిప్పి చూపించేది, రొట్టె తిరగేసినట్టు.

"రేపు వెళ్ళి చెప్పు," అంది పెళ్ళాం.

"ఏమని? ఏడో క్లాసు తప్పినవాణ్ణి, మీరు తప్పు చదివారని ప్రొఫెసరుకి చెప్పనా?"

"నువ్వు తప్పింది లెక్కల్లో కదయ్యా, మేనత్తలో కాదుగా!"

*

రెండో రోజు టీ బల్ల దగ్గర పట్టుకున్నాడు ప్రొఫెసర్ని. ప్రొఫెసరు బిస్కెట్టు టీలో ముంచుతూ విన్నాడు. మొత్తం విన్నాడు, అది ఒప్పుకోవాలి. బిస్కెట్టు సగం విరిగి కప్పులో పడిపోయినా చూసుకోలేదు.

"చాలా ఆసక్తికరంగా ఉందండీ," అన్నాడు. "అప్పుడే మా పిల్లలకి ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు సార్. పాత కాయితాలున్నాయా అనడిగారు. ఉన్నాయన్నాను."

"ఆ ముసలావిడ పోయిన తేదీ, సంవత్సరం?"

"తెలీదు సార్. ఓడకి నాలుగు రోజుల ముందు."

"ఎక్కడైనా రాసి ఉందా? ఇలా అనుకున్నట్టు?"

"రాస్తే గుమస్తాకి తెలిసిపోదా సార్?"

ప్రొఫెసరు చెంచాతో కప్పులోని బిస్కెట్టు ముక్క వెతుకుతూ నవ్వాడు. కోపంతో కాదు. అదే మైకాయనకి ఒళ్ళు మండించింది. తిట్టినా బాగుండేది. "చూడండీ, ఇంటింటికీ ఒక కథ ఉంటుంది. ఆధారం లేనిదే నేను ఒక్క అక్షరం మార్చలేను. మీ తాతగారి ఉత్తరానికి ఏమీ అన్యాయం జరగదు. రేపు ముగింపు సభలో దాన్నే చదివిస్తున్నాం, తెలుసా? మేస్త్రీ గారి మనవడు వస్తున్నారు. ఈ సదస్సు ఆయన పెట్టిస్తున్నదే. మేస్త్రీ గారి చిత్రపటం పైన గుడ్డ తీయగానే, ఆ ద్వీపం నుంచి వచ్చిన ఆవిడ, అదే, మీరు పెట్టె వేసి నిలబెట్టారే, ఆవిడ ఉత్తరం చదువుతుంది. ఆవిడకి మన లిపి రాదు కదా, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయించి ఇచ్చాం. మేనత్త వాక్యం మటుకు తీసేశాం. నా పత్రంలో వచ్చేసింది కదా, సభలో మళ్ళీ ఎందుకని."

"తీసేశారా?"

"ఒక్క వాక్యమేగా."

"మా తాత చెప్పి రాయించింది ఆ ఒక్కటే సార్. మిగతాదంతా గుమస్తాది."

ప్రొఫెసరు ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. ఈలోపు ఎవరో వచ్చి, మధ్యాహ్నం సభకి అధ్యక్షుడు రైలు దిగలేదని చెప్పారు. ప్రొఫెసరు కప్పు బల్ల మీద పెట్టేసి పరుగెత్తాడు.

మధ్యాహ్నమంతా మైకాయన ఎవరి పత్రమూ వినలేదు. వేళ్ళు వాటంతటవే మీటలు జరుపుతున్నాయి. మేస్త్రీ బొమ్మ కింద నిలబెట్టి తాత చేత మేస్త్రీని పొగిడిస్తారు. తాత కాదనడానికి పెట్టుకున్న ఒక్క మాటా కోసేశారు. నూరేళ్ళ కిందట గుమస్తా కూడా ఆ మాట జోలికి పోలేదు. వాడికి తెలీదు కాబట్టి వదిలేశాడు. వీళ్ళకీ తెలీదు, అయినా కోశారు.

ఇంటికెళ్ళి చెబితే పెళ్ళాం ఈసారి నవ్వలేదు.

"మైకు నీ చేతిలో ఉందిగా. ఆవిడ చదివేటప్పుడు నొక్కెయ్."

"నొక్కితే?"

"వినపడదు."

"వినపడకపోతే తాత ఏమన్నట్టు?"

ఆవిడ దారం కొరికి, సూదిలోకి ఎక్కించింది. "అయితే ఆవిడకే చెప్పు," అంది చివరికి. "చదివేది ప్రొఫెసరు కాదుగా."

*

మూడో రోజు సభకి ఇంకా ముప్పావుగంట ఉంది. వేదిక మీద చిత్రపటం వచ్చేసింది. నిలువెత్తున, మీద ఎర్రటి గుడ్డ కప్పి ఉంది. మైకాయన స్టాండు దగ్గర చెక్కపెట్టె సర్దుతుంటే, నువ్వావిడ చేతిలో కాగితంతో వచ్చి దాని మీదెక్కింది.

"నాయనా, నేను చదువుతాను, నువ్వు విను. తప్పులుంటే చెప్పు. నాకు మాటలొచ్చు, అక్షరాలే రావు."

చదివింది. ప్రతి మాటా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాల మీద తడుముకుంటూ. "వ-చ్చే ఓడ-కి త-మ్ము-ణ్ణి కూ-డా పం-పం-డి." ఆగింది. "అంతే. బాగుందా?"

"బాగుందమ్మా. చివర ఒక మాట పోయింది."

"ఏ మాట?"

"మేనత్తని అడిగినట్టు చెప్పండి."

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కాగితం జారి కింద పడింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటపడింది.

"ఛీ, నువ్వు! అంత మాట మైకులో అంటారా?"

"ఎందుకమ్మా?"

"అది బూతు కాదూ? మా అమ్మ అనేది. మా నాన్న తాగలేదని ఒట్టేస్తే అనేది. కొట్టువాడు తూకం సరిగ్గా ఉందంటే అనేది. 'మేనత్తని అడిగినట్టు చెప్పు, పో!' మేం పిల్లలం అంటే మూతి మీద కొట్టేది. అక్కడ అందరిళ్ళల్లో అంటారు. మొన్న నీ ప్రొఫెసరు అంతసేపు ఇంగ్లీషులో చెప్పాడు, ఏదో అత్త గురించి అన్నాడు. ఈ మాట గురించనుకోలేదు."

మైకాయన వంగి కాగితం తీశాడు. పక్కన మనుషులు కుర్చీలు సర్దుతున్నారు. ఎవరో పూలకుండీ ఎత్తుకొచ్చి, ఇక్కడ పెట్టాలా అక్కడా అని అరుస్తున్నారు. నానమ్మ దగ్గర అంత నిదానంగా విన్న కథని నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ముసలమ్మ. ఓడ. గుమస్తా. తిరగేసి చదువుకోవడం.

ఆవిడ నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

"ఈ ఉత్తరం ఎవరిది?"

"మా తాతది."

"తిరిగొచ్చాడా?"

"లేదమ్మా. తొమ్మిదో ఉత్తరం తర్వాత ఇంకేం రాలేదు."

"మా ముత్తాత కూడా ఆ తోటలోనే." ఆవిడ కాగితం అతని చేతిలోంచి తీసుకుంది. దాన్ని చూడకుండా నాలుగు మడతలు పెట్టి, చేతిసంచీలో వేసి, పెట్టె దిగింది.

*

మేస్త్రీ మనవడు ఎనభై దాటిన మనిషి. సన్నగా, తెల్లగా ఉతికిన బట్టల్లో, ఇద్దరు పట్టుకుంటే వేదికెక్కాడు. గుడ్డ లాగాడు. చిత్రపటంలో పెద్ద మీసాలాయన బయటపడ్డాడు. చప్పట్లు. ప్రొఫెసరు మైకుని ఊది, "వేలమందికి బతుకుతెరువు చూపిన మార్గదర్శి" అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తర్వాత, "ఇప్పుడు ఆనాటి ఒక శ్రామికుడి మాటల్లోనే విందాం," అన్నాడు.

నువ్వావిడ పెట్టె ఎక్కింది. కాగితం విప్పింది.

చదివింది. సుఖంగా ఉన్నామంది. మూడు పూటలా తింటున్నామంది. కన్నతండ్రి కంటే ఎక్కువన్న చోట ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. తమ్ముణ్ణి కూడా పంపమంది. ప్రొఫెసరు లేచి జ్ఞాపిక అందుకోబోయాడు. ఆవిడ కాగితం మీంచి కళ్ళెత్తి, ఈసారి తడుముకోకుండా, గడగడా, ఇంట్లో వంటగదిలోంచి కేకేసినట్టు అంది:

"మేనత్తని అడిగినట్టు చెప్పండి."

వెనక వరసల్లో ఎవరో ముక్కుతో నవ్వారు. ఆపుకోబోయారు, ఆగలేదు. దాని పక్కన ఇంకొకటి. అంతే, నీలం బ్యాడ్జీలు అరవైకి అరవై ఘొల్లుమన్నాయి. ఒకాయన కుర్చీ చేతి మీద గుద్దుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. ఒక ముసలాయన లేచి నిలబడి, చిత్రపటం వైపు వేలు చూపించి, ఆ ద్వీపం భాషలో ఏదో అన్నాడు. నవ్వు రెండింతలైంది. ముందు వరసల పండితులు వెనక్కి తిరిగి చూస్తున్నారు. వేదిక మీద మేస్త్రీ మనవడు కూడా సంతోషంగా నవ్వుతూ చేతులు ఊపుతున్నాడు.

ప్రొఫెసరు నవ్వలేదు. అతని మొహంలో రంగు పోయింది. ఇరవై తొమ్మిది ఉత్తరాలూ ఒక్కసారిగా నెత్తిన పడ్డట్టు నిలబడ్డాడు. తర్వాత గూటి వైపు తిరిగి, అరచేతిని కత్తిలా మెడ మీద అటూ ఇటూ ఆడించాడు. కట్ చెయ్యి.

మైకాయన ఆ చేతిని చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ సైగ ఎన్ని వందలసార్లు చూశాడో, ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఇవాళ ఆ సైగకి అర్థం తెలీనివాడిలా తల పక్కకి వంచి చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి మీట మీదే ఉంది.

"నవ్వకండి," అంది నువ్వావిడ. "నేను కూడా ఇందాక నవ్వాను. ఇది వేళాకోళం మాట కాదట. ఉత్తరం రాసే గుమస్తాకి తెలీకుండా మనవాళ్ళు పెట్టుకున్న గుర్తట. ఈ మాట ఉంటే పైనదంతా తిరగేసి చదవాలి. నేను మళ్ళీ చదువుతాను. నువ్వు విను, నువ్వూ విను." ఒక వేలు ముందు వరసకి, ఒక వేలు చిత్రపటానికి.

కాగితం చూడలేదు.

"ఇక్కడ మేము సుఖంగా లేము. మూడు పూటలా తినడం లేదు. పని తేలిక కాదు. జ్వరమొస్తే మందివ్వడం లేదు." ఒక్కో వాక్యానికీ ఆగుతోంది, మనసులో తిప్పుకుని చెబుతోంది. "మేస్త్రీ మాకు తండ్రి కాదు." ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి స్పీకర్లలో స్పష్టంగా వినపడింది. "వచ్చే ఓడకి తమ్ముణ్ణి పంపకండి. పంపకండి."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ పెట్టె దిగి, తను కూర్చునే చోటికి వెళ్ళిపోయింది. జ్ఞాపిక ప్రొఫెసరు చేతిలోనే ఉండిపోయింది.

*

సభ ఎలా ముగిసిందో ఎవరికీ సరిగ్గా తెలీదు. వందన సమర్పణ చేసేవాడు పేర్ల దగ్గర తడబడ్డాడు. అరగంట తర్వాత వరండాలో ప్రొఫెసరు నోటుపుస్తకం పట్టుకుని నీలం బ్యాడ్జీల చుట్టూ తిరుగుతున్నాడు. "మీ ఇంట్లోనూ అంటారా? మీ ఇంట్లోనూ? ఎవరు అనేవాళ్ళు?" మైకాయన పక్కనించి వైర్లు మోసుకుంటూ పోతే చూసి, "మీతో కూర్చోవాలండీ, వచ్చే వారం," అన్నాడు.

"ఆ తొమ్మిది ఉత్తరాలు పట్టుకురండి సార్, అప్పుడు కూర్చుందాం."

హాలు ఖాళీ అయింది. మైకాయన మోచేతికీ బొటనవేలికీ మధ్య వైరు చుట్టుకుంటూ గూటి దగ్గరకొచ్చేసరికి, మెట్ల మీద మేస్త్రీ మనవడు నిలబడి ఉన్నాడు. ఒక్కడే. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మూడో మెట్టు ఎక్కుతున్నాడు.

తిట్టడానికొచ్చాడనుకున్నాడు. తిడితే ఏమనాలో కూడా నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఆవిడ చదివింది రికార్డు చేశావా?"

"చేశానండి."

"నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యవు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను." ముసలాయన అడక్కుండానే బల్ల మీద కూర్చున్నాడు. ఆయాసపడుతున్నాడు. "తర్వాత నవ్వడం మానేశారు. ఎందుకో మా వాళ్ళెవరూ చెప్పడం లేదు. కార్లో కూర్చోమంటారు. నువ్వు పెట్టు, వింటాను."

మైకాయన వైరు చుట్ట కింద పెట్టాడు. హెడ్‌ఫోన్ ఆయన తలకి పెట్టి, చెవుల మీదికి సర్ది, శబ్దం పెంచాడు. మిక్సర్ మీద పచ్చదీపాలు లేస్తూ పడుతూ ఉన్నాయి. ఏ దీపానికి ఏ మాటో మైకాయనకి తెలుసు. గుప్పెడు దీపాలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి, అది నవ్వు. తర్వాత చిన్నచిన్నగా, ఆగి ఆగి.

ముసలాయన మొహంలో ఏమైనా కదులుతుందేమోనని చూశాడు. కింది పెదవి కాస్త లోపలికి పోయింది, అంతే.

"పంపకండి అన్నాడా?" అన్నాడు, చెవులు మూసి ఉండడంతో గట్టిగా. "పంపండి కాదూ?"

మైకాయన తల అడ్డంగా ఊపాడు.

"పంపారా?"

"లేదండి. అది మా తాత ఉత్తరం. ఆ తమ్ముడు, మా చిన్నతాత, తొంభై ఏళ్ళు బతికి ఇక్కడే పోయాడు."

ముసలాయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర డ్రైవరు కనిపించాడు. "అయ్యగారూ, అందరూ చూస్తున్నారండీ," అన్నాడు. ఆయన అటు చూడలేదు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

మైకాయన వెనక్కి తిప్పాడు. హెడ్‌ఫోన్ ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది. దాని వైరు ఊడదీశాడు, హాలు స్పీకర్ల మీట పైకి తోశాడు. ఖాళీ కుర్చీల మీదుగా, వేదిక మీది పటం దాకా, ఆవిడ గొంతు లేచింది. ముసలాయన వద్దనలేదు.